మూడేళ్ళ కిందటి చంద్రుడు

చేను దగ్గరి ఇల్లు,
ఫిబ్రవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

మేమిద్దరం బతికే ఉన్నాం. ఫోను ఎత్తడం లేదని కంగారుపడి నువ్వు పాలాయన చేత కబురు పెట్టావట. రెండు ఫోన్లూ రేకు పెట్టెలో ఉన్నాయి, పెట్టె అటక మీద ఉంది, అటక ఎక్కే నిచ్చెన మీ బావ గదిలో ఉంది. ఫోను తరంగాలకి మొక్కలు బెదిరిపోతాయట. కాబట్టి ఇకనుంచి మన మాటలన్నీ ఉత్తరాల్లోనే.

మీ బావ సంగతి నీకు తెలుసుగా. ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇనస్పెక్టరు. ఆయన బజార్లోకి అడుగుపెడితే వ్యాపారులు తక్కెళ్ళు తుడుచుకునేవాళ్ళు. కిలో రాయి పది గ్రాములు తగ్గిందంటే తోడబుట్టినవాడి రాయైనా సంచిలో వేసుకొచ్చే మనిషి. రిటైరయ్యాక ఈ మూడెకరాలు కొని కూరగాయలు పండిద్దామంటే, చిన్నప్పుడు నాన్న వెనక తిరిగి నేర్చుకున్న నాలుగు ముక్కలు పనికొస్తాయని నేనూ సంబరపడ్డాను.

కిందటి నెల పది రోజుల శిక్షణకని వెళ్ళారు. వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. నేర్పినాయన్ని అందరూ నెలవంక సారు అంటారు, చొక్కా జేబు మీద వెండి నెలవంక తగిలించుకుంటాడు కాబట్టి. ఆయన లెక్కలో మట్టి, నీళ్ళు, ఎండ, ఇవన్నీ కింది ఉద్యోగులు. పై అధికారి చంద్రుడు. చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడన్నదాన్ని బట్టి రోజులు నాలుగు రకాలు: వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, పండు రోజు. క్యారెట్ వేరు రోజున విత్తాలి, టమాటా పండు రోజున నాటాలి. ఇవేవీ కాని ఖాళీ రోజులు కొన్ని ఉన్నాయి, అప్పుడు చేలో కాలే పెట్టకూడదు. కలుపు మొక్కలకి మాత్రం ఆ సెలవు వర్తించదు.

వచ్చిన మర్నాడే ఆవు కొమ్ముల్లో పేడ కూరి, చేను మూల గొయ్యి తీసి నలభై కొమ్ములు పాతిపెట్టారు. "కొమ్ము ఆకాశంలోని శక్తిని లాగి పేడలోకి దింపుతుంది" అన్నారు. "గోతిలో పాతాక దానికి ఆకాశం ఎలా కనిపిస్తుందండీ?" అన్నాను. "అది కొమ్ముకి తెలుసు" అన్నారు. తవ్వి తీశాక ఆ పేడని పీపాడు నీళ్ళలో కలిపి గంటసేపు కర్రతో తిప్పాలి, కాసేపు కుడికి, కాసేపు ఎడమకి. అలవాటు కావడానికి ఇప్పట్నుంచే నా చేత ఉత్త నీళ్ళు తిప్పిస్తున్నారు.

అసలు సంగతి ఇది. ఏ రోజు ఏ రకమో రంగుగళ్ళతో చూపించే క్యాలెండరు మీ ప్రెస్సులోనే అచ్చవుతోందట. ప్రూఫులు దిద్దేది నువ్వేనని తెలిసి మీ బావ ఆనందం పట్టలేకపోతున్నారు. ఒక కాపీ ముందుగా పంపు. అది వచ్చేదాకా మా ఇంట్లో గింజ కదలడానికి వీల్లేదు.

అక్క

---

ప్రెస్సు, ప్రూఫుల గది,
ఫిబ్రవరి 20

అక్కకి,

క్యాలెండరు ఇదే కవర్లో ఉంది. ఇంకా సిరా వాసన పోలేదు, బావని ముందు ముక్కుతో చదవమను.

మీ నెలవంక సారు ప్రూఫు చూడటానికి స్వయంగా వచ్చాడు. మా గది ఎంతుంటుందో నీకు తెలుసు, ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయట పీల్చుకోవాలి. ఆయన నలుగురు శిష్యులతో వచ్చాడు. పదహారు పేజీల పుస్తకంలో ఆయన చూసింది ఒక్క పేజీ, అట్ట. అట్ట మీద చూసింది ఒక్క బొమ్మ, తనది. "గడ్డం ఇంకొంచెం నల్లగా రావాలి" అన్నాడు. మా డిజైనరు నలుపు పెంచాడు. సారు సంతకం పెట్టాడు, ఆయన సంతకం కింద నేనూ పెట్టాను. నేను మాత్రం ప్రతి ముక్కా చదివాను సుమా. పదకొండు అచ్చుతప్పులు పట్టాను. 'విత్తనాలు నానబెట్టాలి' అనేది 'విత్తనాలు నానబట్టాలి' అని పడింది. నేను లేకపోతే మూడు వేల మంది ఏం చేసేవాళ్ళో.

నా పీపా సలహా: కుడికి తిప్పేటప్పుడు బావని తలుచుకో, ఎడమకి తిప్పేటప్పుడు నన్ను తలుచుకో. గంట ఇట్టే గడిచిపోతుంది.

తమ్ముడు

---

చేను దగ్గరి ఇల్లు,
ఏప్రిల్ 17

ఒరేయ్ తమ్ముడూ,

నీ క్యాలెండరు మా ఇంటికి యజమాని అయి కూర్చుంది. వంటింటి గోడకి మేకు కొట్టి తగిలించారు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే దాని ముందు నిలబడి, "ఇవాళ ఆకు రోజు" అని ప్రకటిస్తారు. ఆకు రోజున నేను ఉల్లిపాయ తరిగితే ఆయనకి మనసు మనసులో ఉండదు.

చెబితే నమ్మవు, చేను మాత్రం కళకళలాడుతోంది. క్యారెట్ విత్తిన నాలుగో రోజుకే మొలిచింది. రెండు వారాలు పట్టే గింజ, నాలుగు రోజులు. మీ బావ మడి పక్కన గొంతుక్కూర్చుని స్కేలు పెట్టి కొలిచి, ఆ కొలతలన్నీ నెలవంక సారుకి రాసి పంపారు. సారు ఆ ఉత్తరాన్ని కాపీలు తీయించి పంచిపెట్టాడట. ఎలా మొలిచిందో నాకు తెలుసు, ఆ మడికి తెలుసు. అది వేరే కథ.

మా పక్క చేను గట్టు పిన్నిది. పని లేనప్పుడు గట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి లోకజ్ఞానం పంచుతుంది కాబట్టి ఆ పేరు. ఆవిడా, కుట్టుపని చేసుకునే కూతురూ కలిసి ఆ ఎకరన్నర చూసుకుంటారు. రెండో మనిషి ఆధారం లేదు. మొదట్లో మీ బావ కొమ్ములు పాతుతుంటే, "ఆవు మొలుస్తుందా నాయనా?" అని అడిగింది. మొన్న మాత్రం క్యారెట్ మడి చూసి నోరు మూసుకుంది. గట్టు పిన్ని నోరు మూసుకోవడమంటే చిన్న సంగతి కాదు.

కానీ మొన్న పదిహేనో తేదీన ఒక తమాషా జరిగింది. మీ బావ క్యాలెండరు చూసి, "పిన్నీ, ఇవాళ పున్నమి. కోసిన కూరలు ఇవాళ నిలవ పెట్టకూడదు" అన్నారు.

"పున్నమి మూడ్రోజుల కిందటే వెళ్ళిపోయిందిగా నాయనా" అంది పిన్ని. "ఆరుబయట మంచం వేసుకుని పడుకునేదాన్ని, నాకు తెలీదా?"

మీ బావ చిరునవ్వు నవ్వారు. "అది కంటికి కనిపించే చంద్రుడు పిన్నీ. ఇందులో ఉన్నది శాస్త్రీయమైన చంద్రుడు."

పిన్ని ఆలోచనలో పడింది. ఇద్దరు చంద్రులున్నారని ఆవిడకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు పాపం.

అక్క

---

ప్రెస్సు,
ఏప్రిల్ 26

అక్కకి,

ఇక్కడంతా బాగానే ఉంది. ఎండలు ముదిరాయి. ప్రెస్సులో కొత్త ఫ్యాను పెట్టారు, తిరుగుతోంది.

బావ క్యాలెండర్లో మే నెల పున్నమి ఏ తేదీన వేసి ఉందో ఒకసారి చూసి రాయి. ఊరికే. మా దగ్గర కాపీలు అయిపోయాయి, అందుకని. పున్నమి మాత్రమే కాదు, వీలైతే అమావాస్య కూడా. తొందరేం లేదు, రేపు పోస్టులో వేసినా చాలు.

బావ ఆరోగ్యం జాగ్రత్త. ఆకాశం వంక ఎక్కువగా చూడనివ్వకు, మెడ పడుతుంది.

తమ్ముడు

---

చేను దగ్గరి ఇల్లు,
మే 6

తమ్ముడూ,

మేలో పున్నమి పదిహేనని వేసి ఉంది. అమావాస్య ముప్ఫై. తేలు కుట్టిన దొంగలా రాశావు ఆ ఉత్తరం. ఫ్యాను తిరుగుతోందని రాయడానికి నువ్వు తపాలా బిళ్ళ అతికించవు. ఏం దాస్తున్నావో చెప్పు. ముందు నాది చెబుతాను, అప్పుడు నీకు ధైర్యం వస్తుంది.

మీ బావ విత్తిన క్యారెట్ నాలుగో రోజున మొలవలేదురా. నేను విత్తింది పన్నెండో రోజున మొలిచింది. మార్చి మొదట్లో జల్లు పడింది. మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్దయింది, వేలితో పొడిస్తే విడిపోయింది. అంతకన్నా మంచి అదను దొరకదు. క్యాలెండరేమో ఎనిమిది రోజులు ఆగమంటోంది. మధ్యాహ్నం భోజనమయ్యాక మీ బావ రెండు గంటలు నిద్రపోతారు. ఆ రెండు గంటల్లో నాలుగు మడులూ విత్తేసి పైన మట్టి సర్దాను. వేరు రోజు రాగానే ఆయన తలస్నానం చేసి, నా విత్తనాల మీదే తన విత్తనాలు చల్లారు. నాలుగు రోజులకి నావి మొలిచాయి. తర్వాత ఆయనవి మొలిస్తే, ఒత్తుగా ఉన్నాయని పీకేశాను. బీన్సూ అంతే.

చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ ఆ స్కేలు పట్టుకుని కూర్చున్న మొహం చూస్తే నోరు రాలేదు. రిటైరైన రోజు నుంచి ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. ఎవరికీ నష్టం లేని అబద్ధం, పోనీలే అనుకున్నాను.

కిందటి వారం నెలవంక సారు మా చేను చూడటానికి వచ్చాడు. క్యారెట్ పట్టుకుని ఫొటోలు దిగాడు. గట్టు పిన్ని అంతా చూసి, సాయంత్రం మీ బావ దగ్గరికి వచ్చి, "ఈసారి నా టమాటా నారు కూడా నీ కాగితం ప్రకారమే నాటతాను నాయనా" అంది.

ఇక నువ్వు చెప్పు.

అక్క

---

ప్రెస్సు,
మే 15

అక్కా,

ఇవాళ మీ క్యాలెండరు ప్రకారం పున్నమి. ఆకాశం ప్రకారం అది మూడు రోజుల కిందటే అయిపోయింది. గట్టు పిన్ని చెప్పింది నిజం. నీ ఏప్రిల్ ఉత్తరం చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి.

ఇదే క్యాలెండరు మూడేళ్ళ కిందట కూడా మేమే అచ్చువేశాం. మా డిజైనరు ఆ పాత ఫైలు తెరిచి, తేదీలూ వారాలూ కొత్తవి పెట్టాడు. గళ్ళలో రంగులూ చంద్రుడి బొమ్మలూ మార్చడం మరిచాడు. నేను అక్షరాలు చదివానే తప్ప గళ్ళు చూడలేదు. సారు గడ్డం చూశాడే తప్ప గళ్ళు చూడలేదు. తిలాపాపం తలా పిడికెడు. మీరంతా మూడేళ్ళ కిందటి చంద్రుడి మాట వింటున్నారు.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. మూడు వేల కాపీలు పోయాయి. మూడు వేల మంది చంద్రుడి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు. మూడు నెలల్లో ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. అంటే వాళ్ళలో ఒక్కరూ తలెత్తి చంద్రుణ్ణి చూడలేదు. చూసినావిడ గట్టు పిన్ని ఒక్కతే, ఆవిడ దగ్గరేమో క్యాలెండరు లేదు.

ఓనరుకి చెప్పాను. "ఎవరైనా అడిగారా?" అన్నాడు. లేదన్నాను. "అయితే తప్పు ఎక్కడుంది?" అన్నాడు.

బావకి చెప్పకు. ఆయన నా సంతకం చూసుకుని నమ్మాడు. పైగా, నువ్వు మట్టిని చూసి విత్తుతున్నావు, ఆయన గోడని చూసి మురుస్తున్నాడు, చేను పండుతోంది. ఎవరికి నొప్పి? ఈ ఏడాది ఇలా గడిచిపోనీ.

తమ్ముడు

---

చేను దగ్గరి ఇల్లు,
జూన్ 21

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో నవ్వుకోవడానికేమీ లేదు.

జూన్ రెండున నెలవంక సారు మీ బావని తన వెంట పదకొండు రోజుల పర్యటనకి తీసుకెళ్ళాడు. ఊరూరా తిరిగి క్యారెట్ కథ చెప్పడానికి. వెళ్ళేముందు మీ బావ గట్టు దగ్గర నిలబడి, "పిన్నీ, పన్నెండో తేదీ పండు రోజు. అప్పటిదాకా నారు కదిలించకు" అని మరీ మరీ చెప్పారు. నాకూ అదే చెప్పారు.

మూడో తేదీన వాన పడింది. మంచి వాన. నాలుగో తేదీ పొద్దున నేను టమాటా నారంతా నాటేశాను. గట్టు అవతల పిన్ని నారు ట్రేలు నీడలో వరసగా పెట్టి ఉన్నాయి. పిన్ని, కూతురూ ఆ రోజు పట్నంలో కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళారు. సాయంత్రం వచ్చాక పిన్ని గట్టు మీంచి కేకేసింది. "వాన బాగా పడింది కదే అమ్మాయ్, నాటనా?"

నేను నోరు తెరిచాను. అప్పటికే చీకటి పడుతోంది, నా నారు నాటిన వరసలు ఆవిడకి కనిపించలేదు. నాటమంటే మీ బావ మాట అబద్ధమవుతుంది, నేను నాటినట్టు తెలిసిపోతుంది. "ఆయన పన్నెండన్నారు కదా పిన్నీ" అన్నాను. అంతే అన్నాను. ఆ మర్నాటి నుంచి ఆవిడ కూతురికి జ్వరం, ట్రేలు ఇంటికి తీసుకెళ్ళిన పిన్ని మళ్ళీ చేను వైపు రాలేదు.

మళ్ళీ వాన లేదు. వడగాడ్పులు తగులుకున్నాయి. ట్రేల్లో నారు సన్నగా దారప్పోగుల్లా సాగిపోయింది. పన్నెండున పిన్ని ఒక్కతే, మా వరసల వంక చూసే తీరికైనా లేకుండా బిందెలతో నీళ్ళు మోసుకుంటూ, గట్టిపడ్డ నేలలో ఆ నారంతా నాటింది. ఆరో రోజుకి ఒక్క మొక్క నిలవలేదు.

పదమూడున వచ్చిన మీ బావ మా మొక్కలు చూసి, "ఒక్క రోజులో ఇలా వేళ్ళూనాయా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సారుకి రాశారు.

నిన్న పిన్ని వచ్చింది. అరవలేదు. మా టమాటా వరసల మధ్య నడిచి, ఒక మొక్క మొదలు పట్టుకుని చూసి, "మీవి ఏ రోజు నాటారే?" అని అడిగింది. ఆవిడకి నారు వయసు తెలీదనుకోవడానికి లేదు. నేను పీపా వైపు వెళ్ళిపోయాను.

ఎవరికీ నష్టం లేదని రాశాను కదూ నీకు. పిన్ని నమ్మింది చంద్రుణ్ణి కాదురా, మా చేనుని. మా చేను చెప్పిన అబద్ధం నేను చెప్పించిందే.

అక్క

---

ప్రెస్సు,
జూన్ 30

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నెలవంక సారు ఆఫీసుకి వెళ్ళాను. క్యాలెండరు తప్పని చెప్పేస్తే, తప్పంతా నా నెత్తిన పడి, నువ్వు గండం గట్టెక్కుతావనుకున్నాను.

నాలుగో అంతస్తులో గది. కిటికీలకి నల్లటి పరదాలు, పగలే ట్యూబులైటు. మూడేళ్ళ కిందటి చంద్రుణ్ణి అచ్చువేశామనీ, పిన్ని నారు ఎండిపోయిందనీ చెప్పి, పాత క్యాలెండరూ కొత్త క్యాలెండరూ పక్కపక్కన పెట్టాను. సారు ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"అందుకేనన్నమాట ఆవిడ నారు పోయింది" అన్నాడు. "చూశావా, ఒక్క రాశి తప్పితే ఎంత నష్టమో. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?"

"మరి అదే క్యాలెండరుతో మా బావ మొక్కలు నిలిచాయి కదండీ" అన్నాను.

"ఆయన సంకల్పబలం అలాంటిది" అన్నాడు.

పండినా ఆయన గొప్పే, ఎండినా ఆయన గొప్పే. పైగా, సవరించిన క్యాలెండరు దళసరి అట్టతో మళ్ళీ వేయమని మా ఓనరుకి అక్కడికక్కడే ఫోను చేశాడు. ఓనరు పొంగిపోయాడు. నా తప్పు వల్ల ప్రెస్సుకి ఇంకో పని దొరికింది. నన్ను మాత్రం ప్రూఫులు మాన్పించి బిల్లు పుస్తకాలు కుట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బాధ లేదు, అక్కడ గాలి వస్తుంది.

దారిలో ఆలోచించాను. నేను నోరు విప్పితే సారు బతికిపోతాడు. నువ్వు విప్పితేనే పిన్నికి నిజం తెలుస్తుంది. జూలై పద్నాలుగున సభలో బావకి ఆదర్శ రైతు జ్ఞాపిక ఇస్తారట, ఆహ్వానాలు నా బల్ల మీదే ఉన్నాయి. బావకి నా తప్పు నేనే విడిగా రాస్తున్నాను. నువ్వేం చేయాలో చెప్పేంతటివాణ్ణి కాదు. ఆ రోజు దాచమని రాసింది నేనే.

తమ్ముడు

---

చేను దగ్గరి ఇల్లు,
జూలై 19

తమ్ముడూ,

చెప్పేశాను. ఇంట్లో చెబుదామని నాలుగుసార్లు మొదలుపెట్టాను, ప్రతిసారీ ఆయన సభలో చదవాల్సిన కాగితం నాకు వినిపించడం మొదలుపెట్టేవారు. చివరికి అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది.

పెద్ద హాలు, రెండొందల కుర్చీలు. గట్టు పిన్నిని కూడా తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టారు, సవరించిన క్యాలెండరు ఇవ్వడానికి. సారు మైకు పట్టుకుని, ఒక్క రోజులో వేళ్ళూనిన టమాటా గురించి చెబుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఒక్క రోజు కాదండీ, తొమ్మిది రోజులు" అన్నాను. "నాలుగో తేదీన నేను నాటాను. ఈయన ఊళ్ళో లేరు. వాన పడింది, మట్టి అదనులో ఉంది, నాటాను. క్యారెట్టూ నేనే ముందు విత్తాను. ఈయనకి తెలీదు."

సారు నవ్వాడు. "చూశారా తల్లీ, మీకు తెలియకుండానే విశ్వం మీ చేత సరైన క్షణంలో నాటించింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నిజంగా కొట్టారురా.

చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాను. "మరి పిన్ని చేత ఎందుకు నాటించలేదండీ? ఆవిడ నాటనా అని నన్నడిగింది. వద్దన్నది విశ్వం కాదు, నేను" అన్నాను.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో పిన్ని లేచి, క్యాలెండరు కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది. మీ బావ వేదిక దిగి వచ్చారు. జ్ఞాపిక తీసుకోలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. సగం దూరం వచ్చాక అడిగారు.

"క్యారెట్ కూడానా?"

"క్యారెట్ కూడా."

"బీన్స్?"

"బీన్స్ కూడా."

"మరి నేనేం నాటాను?"

ఏదైనా ఒక్కటి గుర్తుకొస్తే బావుండుననుకున్నాను. "కొమ్ములు" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఇది జరిగి అయిదు రోజులైంది. అన్నం తింటున్నారు, నాతో మాట్లాడటం లేదు. మధ్యాహ్నం నిద్రపోవడం లేదు. నిన్న పొద్దున పార తీసుకుని గట్టు దాటి వెళ్ళారు.

అక్క

---

చేను,
ఆగస్టు 12

బావమరిదికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాయలేదు, అప్పుడు నాకు రాయడానికి చేతులు రాలేదు.

మీ అక్క మీద కోపం వచ్చింది. దాచుకోను. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళలో ఆవిడ నాకు అబద్ధం చెప్పగలదని నేను అనుకోలేదు. నాలుగు రోజులు ఆ కోపంతోనే తిరిగాను. తర్వాత నా సంగతి నాకే తట్టింది. ఉద్యోగంలో ఉండగా రాయి తక్కువ తూగితే, వ్యాపారి మంచివాడా చెడ్డవాడా అని నేను ఎన్నడూ అడగలేదు. నమ్మి కొన్నామె సంచిలో ఎంత తగ్గిందనే చూశాను. ఇక్కడ తగ్గింది పిన్ని సంచిలో. రాయి నాది. నీ అచ్చుతప్పూ, మీ అక్క అబద్ధమూ తర్వాతి సంగతి. వానలు పడే రోజుల్లో, నారు కదిలించకుండా ఆగమని ఒక మనిషికి చెప్పి ఊళ్ళు తిరగడానికి వెళ్ళింది నేను.

చంద్రుడి మీద నాకేం కోపం లేదు. ఆయన క్యాలెండరు వేయలేదు.

పిన్ని దగ్గరికి వెళ్ళాను. కూర్చోమనలేదు. మా టమాటాలో సగం వరసలు మీవి, మీరే కోసుకుని మీరే అమ్ముకోండి అన్నాను. "నీ మొక్కలు నాకెందుకు? నా చేను ఖాళీగా ఉంది" అంది. కూతురు లోపల్నుంచి మిషను ఆపి, "తీసుకోవే, రోషంతో కడుపు నిండదు" అంది. తీసుకున్నారు. నా ఒళ్ళు ఊరుకోక, గట్టిపడ్డ ఆవిడ చేను తిరగ్గొట్టి ఇస్తానన్నాను. పిన్ని గట్టు మీద కూర్చుని చెప్పింది, నేను తవ్వాను. ఎలా తవ్వకూడదో ఆవిడ చెప్పిన మాటలు ఇక్కడ రాయను. నా సర్వీసంతా కలిపినా నేను ఏ వ్యాపారినీ అన్నేసి మాటలు అనలేదు. పద్దెనిమిది రోజులు పట్టింది. మీ అక్క మధ్యాహ్నం అన్నం గట్టు దగ్గరికే తెచ్చేది. మూడో రోజు మంచినీళ్ళు అడిగాను. అలా మాటలు మొదలయ్యాయి.

ఈ నెల అయిదున వాన పడింది. ఎడతెరిపి లేకుండా రెండు రోజులు. ఏడో తేదీ తెరిపిచ్చింది. మట్టి ముద్ద చేసి చూశాను, వేలితో పొడిచి చూశాను. నాకు బాగానే ఉన్నట్టు తోచింది. అయినా నా తోచడం సంగతి నాకు తెలుసు కదా. పిన్ని బీన్స్ విత్తనాల గంప పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని అడిగాను.

"పిన్నీ, ఎప్పుడు విత్తుదామంటావు?"

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వు మీ ఇంటికెళ్ళాక" అంది.

వచ్చేశాను. ఈ ఉదయం గట్టు ఇవతల నుంచి చూస్తే వరసలన్నీ లేచి ఉన్నాయి. ఏ రోజు విత్తిందో నేను అడగలేదు.

మీ బావ